చూడకుండా పెట్టిన సంతకం

పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో తెలియదు, మా చర్చి సంఘంలో అసలే తెలియదు. తెలియకుండా ఉంచడానికి చాలా కష్టపడ్డాను. ఎంతగా అంటే, ఆ కష్టాన్ని చూసి అందరూ నన్ను భక్తిపరురాలు అన్నారు.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ మాటలు బయటికి రావడానికి అదే కాస్త వీలుగా ఉంది.

ఉండేది నాచారంలో. మాది గుంటూరు వైపు. పెళ్లయి ఇక్కడికొచ్చాక పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో చేరాను. ఇప్పుడు ఆ కంపెనీ లేదు. అప్పట్లో నేను ప్యాకింగ్‌లో చెకర్‌ని. ఒక మందు ప్యాకింగ్ పూర్తయి ఇంకో మందు మొదలయ్యే ముందు, పాత లేబుల్ ఒక్కటి కూడా మిగల్లేదని బల్ల మీద, మిషన్ కింద, వెనక ట్రేలో వంగి చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. నేను పెడితేనే లైను నడుస్తుంది.

ఆ లైను మీద పనిచేసే మనిషిని సులోచన అని పిలుస్తాను. అది ఆమె అసలు పేరు కాదు. జనగామ దగ్గరి పల్లె వాళ్లది, ఉప్పల్‌లో అద్దెకు ఉండేవాళ్లు. భర్త ఆటో నడిపేవాడు. నాకంటే ఐదారేళ్లు చిన్నది, అక్కా అనేది. మధ్యాహ్నం ఇద్దరం కలిసే తినేవాళ్లం. తినే ముందు నేను కళ్లు మూసుకుంటే ఆమె కూడా ముద్ద చేతిలో పట్టుకుని ఆగేది. ఒకరోజు తనే అంది, "మీ ప్రభువుకు నా సంగతి గూడ జెప్పక్కా" అని. తర్వాత రెండు మూడు ఆదివారాలు మా మందిరానికి వచ్చింది. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, వెనక కూర్చునేది. నా వల్ల ఒక మనిషి ప్రభువు దగ్గరికి వస్తోందని నాకెంతో సంతోషం. సంతోషమేనా, గర్వమా? ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ రెండో మాట అనకుండా ఉండలేకపోతున్నాను.

అది శుక్రవారం. మా సంఘంలో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస ప్రార్థన ఉంటుంది. పాటలు ఎత్తుకునేది నేనే. కంపెనీలో పర్మిషన్ తీసుకున్నాను. బ్యాగు భుజానికి వేసుకునే సమయానికి దగ్గు మందు ప్యాకింగ్ అయిపోయింది, బలం టానిక్ మొదలవ్వాలి. సులోచన పిలిచింది.

"అక్కా, జర వచ్చి సూడు. ఎనక ట్రే నాకు అందుతలేదు."

"నువ్వు చూశావుగా, చాలు," అన్నాను.

నిలబడే సంతకం పెట్టాను. టైము వేశాను. దేవుని పనికి ఆలస్యమవుతోందని నా తొందర. ఆ మధ్యాహ్నం నేను బాగా పాడానని పాస్టరమ్మగారు మెచ్చుకున్నారు కూడా.

వెనక ట్రేలో పాత లేబుళ్ల కట్ట ఉండిపోయింది. ముందు షిఫ్టు వాళ్లు వదిలేసింది. అది కొత్త లేబుళ్లలో కలిసి, సాయంత్రానికి కొన్ని పెట్టెల టానిక్ సీసాలు దగ్గు మందు పేరుతో తయారయ్యాయి. సరుకు గేటు దాటకముందే దొరికింది. ఎవరూ తాగలేదు. ఆ ఒక్క విషయానికి ఈ రోజుకీ దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను. మిగతా దేనికీ చెప్పుకునే హక్కు నాకు లేదు.

సోమవారం విచారణ. ముందు సులోచనను పిలిచారు, తర్వాత నన్ను. మేనేజర్ రిజిస్టర్ నా వైపు తిప్పి, "మీరు చూశారా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకి రెండే జవాబులు. ఒకటి చెప్పడానికి నోరు తెరిచాను, రెండోది వచ్చింది. "చూశాను సార్. అప్పటికి ట్రే ఖాళీగానే ఉంది. తర్వాత ఏమైందో నాకు తెలియదు."

తర్వాత ఏమైందో. ఆ ముక్క అడక్కుండానే చేర్చాను. చూశాను అన్నది భయంతో వచ్చిన అబద్ధం అనుకుందాం. ఆ రెండో మాట మాత్రం భయంతో వచ్చింది కాదు. నేను వెళ్లాక లైను దగ్గర ఉన్నది సులోచన ఒక్కతే అని నాకు బాగా తెలుసు.

బయట వరండాలో ఆమె నా కోసం నిలబడి ఉంది.

"అక్కా, నేను నిన్ను పిల్చిన గదా. నువ్వు ప్రార్థన జేసేదానివి, నువ్వు జెప్తే వాళ్లు ఇంటరు. ఒక్కసారి లోపటికి పోయి జెప్పరాదు?"

"నీ కోసం ప్రార్థన చేస్తాను సులోచనా."

"గంతేనా?" అంది.

ఆ వారంలోనే ఆమెను తీసేశారు. మందుల కంపెనీల్లో ఇలాంటి మాట తొందరగా పాకుతుంది. నాచారంలో ఇంకెవరూ ఆమెను తీసుకోలేదని తర్వాత విన్నాను.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందని కొంత. అంతకంటే ఎక్కువగా, కంపెనీలో అందరూ నన్ను 'ప్రార్థన అక్క' అనేవారు. నా పేరు చెడితే ప్రభువు నామానికే అవమానం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన నామాన్ని కాపాడటానికి అబద్ధమాడానట! ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం నిజంగానే నమ్మాను. కాదు, నమ్మినట్టు ఉండగలిగాను.

ఇంతవరకే అయితే, బహుశా ఇది చాలామంది జీవితాల్లో ఉండే పిరికితనమే. ఆ తర్వాతి ఆదివారం చేసింది వేరు.

దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నేను లేచాను. ఎవరూ లేవమనలేదు. నా మీదికి వచ్చిన నింద నుంచి దేవుడు నన్ను తప్పించాడని మైకులో చెప్పాను. ఉపవాసం ఉన్న రోజునే సాతాను ఉచ్చు పన్నాడనీ, ప్రభువు దాన్ని తెంచాడనీ చెప్పాను. సగంలో ఉండగా వెనక వరస కనబడింది. సులోచన కూర్చుని ఉంది. కొంగు తల మీద కప్పుకుని నన్నే చూస్తోంది. నేను ఆపలేదు. గొంతు ఇంకాస్త పెంచాను. చివరి ప్రార్థనకి కళ్లు మూసి తెరిచేసరికి ఆమె చోటు ఖాళీ.

మళ్లీ ఎప్పుడూ మందిరానికి రాలేదు.

ఆ సాక్ష్యంతో నా పేరు సంఘంలో నిలబడిపోయింది. రెండేళ్లకి స్త్రీల సమాజానికి పెద్దను చేశారు. నేను కూడా ఊరికే ఉండలేదు. బంగారం తీసేశాను. తెల్లచీరలకు మారాను. తెల్లవారుజామున లేచి మోకాళ్ల మీద గంట గడిపేదాన్ని. ఆసుపత్రులకు వెళ్లి రోగుల కోసం ప్రార్థించేదాన్ని. ఒక్కో పని మొదలుపెట్టినప్పుడల్లా లోపల మెల్లగా ఒకటే మాట వినిపించేది: వెళ్లి నిజం చెప్పు. ఇంత చేస్తున్నాను కదా ప్రభువా అనేదాన్ని. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గర, ఎవరిని వారు పరీక్షించుకోండి అని పాస్టర్ గారు అన్నప్పుడు నా చేయి వణికేది. భక్తితో వణుకుతోందని పక్కవాళ్లు అనుకునేవారు. వణుకుతున్న చేతితోనే రొట్టె తీసుకునేదాన్ని.

ఒకసారి ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్ మీద సులోచన ఎదురుగా వస్తూ కనబడింది. చేతిలో రెండు సంచులు, చాలా చిక్కిపోయింది. నన్ను చూడలేదు. నేను వెనక్కి తిరిగి, వచ్చిన మెట్ల మీదే దిగిపోయాను. ఆ రోజు వెళ్తున్నది ఎక్కడికో తెలుసా? ఒకరింట్లో దేవుని వాక్యం చెప్పడానికి.

ఈ ఏడాది బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకి పాఠాలు చెప్పే పని నాకిచ్చారు. విధేయత గురించి చెబుతున్నాను. దేవుడు చెప్పింది చేయడంలోనే పరిశుద్ధత పెరుగుతుందనీ, తెలిసినంతవరకు లోబడితే ముందు దారి కనబడుతుందనీ నాకు కంఠతా వచ్చిన మాటలే. ఉప్పల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది, చేయి ఎత్తింది.

"ఆంటీ, దేవుడు ఒక్కటి చెయ్యమంటడు. అది చెయ్యకుండ మిగిలినవన్నీ మస్తు చేస్తం అనుకోండి. అప్పుడు మనం ఆయన మాట ఇన్నట్టా, ఇననట్టా?"

ఆ పిల్ల తన ఇంటి సంగతేదో మనసులో పెట్టుకుని అడిగి ఉంటుంది. నా సంగతి ఆమెకేం తెలుసు? వచ్చే వారం చెబుతానన్నాను. పుస్తకం మూసేశాను.

వచ్చే వారంలోపే సులోచనను వెతికాను. పాత కంపెనీలో పనిచేసిన ఒకామె దమ్మాయిగూడలో ఉంది. ఆమెను అడిగితే, సులోచన చర్లపల్లి స్టేషన్‌లో శుభ్రం చేసే పనిలో ఉందని చెప్పి, ఫోన్ నంబరు కూడా ఇచ్చింది. ఒక మధ్యాహ్నం వెళ్లాను. ప్లాట్‌ఫాం చివర, తుడుపు కర్ర గోడకి ఆనించి టీ తాగుతోంది. నన్ను గుర్తుపట్టింది. నవ్వలేదు, లేవలేదు.

నిలబడే అంతా చెప్పాను. చూడకుండా సంతకం పెట్టానని. చూశానని చెప్పానని. తర్వాత ఏమైందో తెలియదన్న మాట కావాలనే అన్నానని. ఆమె టీ తాగడం పూర్తి చేసింది.

"మా ఆయన సచ్చిపోయి నాలుగేండ్లాయె," అంది.

నాకు తెలియదు.

"ఆయన గూడ నన్ను నమ్మలే. గంత భక్తిగల్ల మనిషి అబద్ధమెందుకు జెప్తది, నువ్వే ఏదో జేసి ఉంటవ్ అన్నడు. తిట్టలే, కొట్టలే. నమ్మలే, గంతే. సచ్చేదాంక నమ్మలే."

"నన్ను క్షమించు సులోచనా."

ఆమె కప్పు చెత్తబుట్టలో వేసి వచ్చి, కర్ర చేతిలోకి తీసుకుంది.

"నాకెందుకు జెప్తున్నవ్? ఏం జరిగిందో నాకు ఎరుకే గదా. గా దినం మైకు పట్టుకొని జెప్పినవ్ సూడు, గాడ జెప్పు. నువ్వు మీ దేవుని ముందటన్నా నిజం జెప్తవనుకొనే గా ఐతారం వచ్చిన నేను."

ఇంటికెళ్లి ముందు మా ఆయనకు చెప్పాను. "ఇన్నేళ్లూ నా పక్కన కూర్చునే ప్రార్థన చేశావా?" అన్నారు. అవునన్నాను. ఆదివారం ఆయన నాతో రాలేదు.

సాక్ష్యాల సమయంలో లేచాను. పదకొండేళ్ల కింద ఇక్కడే నిలబడి చెప్పింది అబద్ధమని చెప్పాను. అంతలో ముందు వరసలో ఒక పెద్దావిడ "స్తోత్రం!" అంది. ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టారు. పాస్టర్ గారు లేచి, "ఎంత తగ్గింపు, ఎంత వినయం! ఈ సహోదరిని చూసి నేర్చుకుందాం," అన్నారు. "వద్దండి, చప్పట్లు కొట్టకండి. ఆ మనిషి బతుకు పాడైంది," అన్నాను. ఆయన మెల్లగా మైకు తీసుకుని పాట అందుకున్నారు. నా తప్పును కూడా వాళ్లు నా భక్తిలోనే కలిపేశారు.

అందరూ కాదులెండి. మట్టిగాజులు వేసుకొచ్చిందని నేను ఒకప్పుడు అందరి ముందూ మందలించిన ఒకామె, మెట్ల దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకుంది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి బాప్తిస్మం ఇప్పుడే వద్దనుకుందట. నా వల్లేనా? అడిగే ధైర్యం లేదు. సులోచన తర్వాత ఇంకొకరు కూడా నా మూలంగానే గడప దాకా వచ్చి ఆగిపోయారేమో.

సులోచనకి ఫోన్ చేసి చెప్పాను, మైకులోనే చెప్పానని. వింది. "సరే," అంది. పెట్టేసింది.

ప్రభువు చెప్పింది చేశాను కదా, మరి మనసుకి సమాధానం, నెమ్మది రావాలి కదా అని కొన్ని రోజులు ఎదురుచూశాను. రాలేదు. పదకొండేళ్లు ఆలస్యంగా చేసినదాన్ని విధేయత అంటారో లేదో కూడా నాకు తెలియదు. ఇప్పుడు మోకరిస్తే పెద్ద మాటలేవీ రావడం లేదు. చాలాసార్లు ఊరికే ఉంటాను. అయినా ఆ ఊరికే ఉండటంలో, ఇదివరకటిలాగా దేన్నో వెనక్కి నెడుతూ మాట్లాడాల్సిన పని లేదు.

మందిరంలో చెప్పింది చప్పట్లలో కలిసిపోయింది. అందుకే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. దయచేసి మీరు దీన్ని మెచ్చుకోకండి.

నేను ఆ ట్రే చూడలేదు. చూశానని చెప్పాను. సులోచన తప్పు ఏమీ లేదు.