పీటల మీద కూర్చున్నాయన

చచ్చినోడి కళ్ళు చారెడంటారు. మా షడ్డకుడి విషయంలో ఆ సామెత పనికిరాదు. ఆయన బతికుండంగానే మా వాళ్ళకి ఆయన కళ్ళు చారెడు. నాకొక్కడికే ఆయనంటే కుళ్ళు. ఔను, కుళ్ళే. ఇప్పుడు ఆయన లేడు, ఇంక దాచి ఎవరికి పెట్టాలి?

షడ్డకుడంటే నా భార్య అక్క మొగుడు. ఒకే ఇంటికి మేమిద్దరం అల్లుళ్ళం. నాది పట్నంలో, అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేట్లో ఇనుము చెక్కే చిన్న లేతు షాపు. పొద్దుగూకులూ ఇనప రజను, నూనె కంపు. ఆయనది ఊత్తుకోట దాటినాక చెరువు కట్ట కింద ఊరు. వరి పండించేవాడు. కానీ మడి మీద కంటే చెరువు మీదా అడివి మీదా ఆయనకి ప్రాణం.

తెల్లారకముందే విసురువల భుజానేసుకుని పోయేవాడు. ఏ మడుగులో కొరమీను ఉండాదో, ఏ గట్టు బొక్కలో ఎండ్రకాయ ఉండాదో, ఏ చింతకొమ్మకి తేనెపట్టు పట్టిందో చెప్పేవాడు. సరే, అట్లాంటోళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. మామూలుగా అట్లా తిరిగే మగోళ్ళకి ఇల్లు పట్టదు గదా? ఈయనకి పట్టేది. నా మంటంతా ఆడే. బడి టైముకి ఇంట్లో ఉండేవాడు. ఇద్దరు ఆడపిల్లలకీ తలదువ్వి, రెండేసి జడలల్లి, రిబ్బన్లు కట్టి పంపించేవాడు. వాగు ఒడ్డున మొగలిపువ్వు దొరికితే పైపంచెలో చుట్టి తెచ్చి మా వదిన చేతికిచ్చేవాడు. అదీ మా అందరి ముందరా, సిగ్గూ ఎగ్గూ లేకుండా. చేపలపులుసు కాగినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుంటేగానీ తాను కూర్చోడు. తలకాయ ముక్క మా వదినకి. ఆమె వద్దంటాది, ఈయన వేస్తాడు. చూసేవాళ్ళకి ఎంత ముచ్చటో!

ఆ ముచ్చటంతా చూసొచ్చి నా భార్య బస్సులోనే మొదలుపెట్టేది.

"మా బావని చూసైనా నేర్చుకోరాదా?"

"మీ బావకి లేతు తిప్పడం వచ్చునా?"

"రాకపోతే ఏం కొంప మునిగింది?" అనేది.

ఆ నా భార్య జ్వరమని ఆస్పత్రికి పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. మా పాప అప్పుడు మూడో క్లాసు. చావింటికి వచ్చినప్పుడు మా షడ్డకుడు నా భుజం తట్టినాడు. పాపని ఎత్తుకుని వీధి చివరిదాకా పోయి, ఆడ కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టని చూపించి, దాని కూత నోటితో కూసి వినిపించినాడు. రెండు రోజులుగా అన్నం ముట్టని పిల్ల నవ్వింది. నేను కిటికీలోంచి చూసినా. నాకు ఆయన కాళ్ళకి మొక్కాలనిపించాల్సింది. ఒళ్ళు మండింది. నా బిడ్డని నేను నవ్వించుకోలేనా?

అప్పట్నుంచి ఎండాకాలం సెలవులొస్తే పాప ఆ ఊర్లోనే. పోయేటప్పుడు మల్లెమొగ్గలా పోయేది, వచ్చేటప్పుడు కాకిపిల్లలా నల్లబడి, మోకాళ్ళు చీరుకుని వచ్చేది. ఇంక వచ్చినాక నెలరోజులు ఇంట్లో ఒకటే జపం. పెదనాయన ఈత నేర్పినాడు. పెదనాయన పాము కుబుసం ఇచ్చినాడు. పెదనాయన అన్నాడు, పెదనాయన నవ్వినాడు, పెదనాయన తుమ్మినాడు! పొరుగింటి పుల్లకూర రుచి అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. పిల్లకి అన్నం వండిపెట్టి, బడికి దిగబెట్టి, పేను దువ్వెనతో పేలు తీసింది నేను. పేలు తీసినోణ్ణి ఎవరు తలుచుకుంటారు?

ఒక ఆదివారం పంతం పట్టి గాలం కొనుక్కొచ్చినా. పాపని స్కూటర్ మీద ఎక్కించుకుని అంబత్తూరు చెరువుకి పోయినా. చేప ఏం తింటాదో నాకేం తెలుసు? బ్రెడ్డు ముక్క గుచ్చి విసిరినా. బ్రెడ్డు నీళ్ళలో నాని ఊడిపోయింది. రెండోసారి కొంచెం ఊపుగా విసరబోతే కొక్కెం నా చొక్కా వీపుకే తగులుకుంది. పాప పడీ పడీ నవ్వింది. సరే, నవ్వింది గదా, అంతే చాలనుకున్నా. ఇంటికి రాంగానే నా ఫోనే తీసుకుని ఆయనకి చెప్పింది.

"పెదనాయనా, నాయన తననే పట్టుకున్నాడు!"

అవతల ఆయన నవ్వు నాకు వినబడింది. మంచి నవ్వే, ఎగతాళి కాదు. అదే ఎగతాళి అయ్యుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! ఆ గాలం మళ్ళీ ముట్టలేదు.

పాప చదువుకుంది, ఉద్యోగంలో చేరింది. తనతో పనిచేసే నెల్లూరు అబ్బాయిని చేసుకుంటానంది. మంచి కుటుంబం, నేనూ సరేనన్నా. పెళ్ళి పనులన్నీ ఒంటి చేత్తో చేసినా. మండపం మాట్లాడింది నేను, వంటోళ్ళతో పోట్లాడింది నేను. తీరా ముహూర్తానికి పదిరోజులు ముందర పెళ్ళి చేయించే మా అయ్యోరు మెల్లిగా అన్నాడు.

"కన్యాదానానికి దంపతులు కూర్చోవాలి గదా. మీకు భార్య లేదు. పీటల మీద ఎవరిని కూర్చోబెడదాం?"

నేను నోరు తెరిచేలోపలే పాప అనేసింది. "పెద్దమ్మా పెదనాయనా ఉండారు గదా."

ఒక్క క్షణం ఆలోచించలేదు. నా మొహం వైపు చూడలేదు. ఆచారం ఆచారమే, నేనేం కాదనగలను? కానీ ఆ రాత్రి... వద్దులే, నేను ఏమేం అనుకున్నానో చెబితే బాగుండదు. చచ్చిపోయిన నా భార్యని కూడా తిట్టినా, ఇంత పని చేస్తివే అని.

పెళ్ళినాడు ఆయన జరీ పంచెలో వచ్చి పీటల మీద కూర్చున్నాడు. పక్కన మా వదిన చెంబు పట్టుకుని. నేను పక్కన నిలబడినా, మండపం అద్దెకిచ్చినోడి లెక్కన. అయ్యోరు గోత్రం అడిగినాడు. ఆయన మా గోత్రం చెప్పినాడు. పాప తండ్రి పేరు, అంటే నా పేరు, చెప్పినాడు. తాత పేరు చెప్పినాడు. "ముత్తాత పేరు?" అని అయ్యోరు నా పక్క చూసినాడు. నాకు తట్టలేదు. పాపకి ముత్తాతంటే నేను పుట్టకముందే పోయిన మా తాత; నా సొంత వంశం పేరే నాకు గుర్తులేదు. ఆయన తల తిప్పకుండానే చెప్పేసినాడు.

తర్వాత నా దగ్గిరకొచ్చి, "ఏమనుకోవద్దు తమ్ముడూ, నువ్వు పనుల్లో ఉంటివి. వ్యాసర్పాడిలో మీ మేనత్త దగ్గిరికి పోయి అడిగి కంఠతా పట్టినా. పీటల మీద తప్పు చెప్పకూడదు గదా" అన్నాడు.

ఇంత మంచోడితో ఎట్లా వేగేది, చెప్పండి? బిడ్డని తీసుకున్నాడు, పీట తీసుకున్నాడు, ఆఖరికి మా తాతని కూడా తీసుకున్నాడు. అప్పగింతల్లో పాప ఆయన్ని పట్టుకుని ఏడుస్తా ఉంటే, నేను సాంబారు చాలిందో లేదో చూడాలని వంటింట్లోకి పోయినా. సాంబారు బోలెడుంది.

పోయిన వానల్లో ఆయన పోయినాడు. పొద్దున్నే చెరువు నుంచి వచ్చి, చేపలు మా వదిన చేతికిచ్చి, కొంచెం ఆయాసంగా ఉండాదని తిన్నె మీద ఒరిగినాడంట. ఆమె కాఫీ కలిపి తెచ్చేలోపల ఊపిరి లేదు. పాపా నేనూ కార్లో పోయినాం.

వాకిట్లో పడుకోబెట్టినారు. ఊరు ఊరంతా ఆడే ఉండాది. ఆయన కూతుళ్ళిద్దరూ తలాపున కూర్చుని ఏడుస్తా ఉండారు. మా పాప పోయి ఆయన కాళ్ళ మీద పడింది.

"నాకింకెవరుండారు పెదనాయనా! నన్నెవరు చూస్తారు పెదనాయనా!"

ఏడ్చేటప్పుడు అందరూ అనే మాటే. మా ఆడోళ్ళు ఏ చావింట్లోనైనా అట్లానే ఏడుస్తారు, నాకు తెలుసు. తెలిసీ ఆ మాట నా గుండెలో దిగింది. దాని వెనకే నిలబడుండాను, నిక్షేపంగా, బతికి. ఇంకెవరుండారంట! అందరూ ఏడుస్తా ఉంటే నాకూ కళ్ళనీళ్ళు వచ్చినాయి. అవి ఎవరి కోసమో నన్నడగొద్దు.

మధ్యాహ్నం ఎండ కాసింది. వానెండ, చురుక్కుమంటాది. కట్టెలకీ పూలకీ మగోళ్ళు అటూఇటూ తిరగతా ఉంటే నేనూ తిరిగినా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నాకు షుగర్ ఉండాది. ఉన్నట్టుండి కళ్ళు చీకట్లు కమ్మి, వేపచెట్టు కింద కూలబడిపోయినా. ఎవరో నీళ్ళు చల్లినారు. కళ్ళు తెరిచేసరికి జనాన్ని తోసుకుంటా మా పాప వస్తా ఉండాది. జుట్టు విరబోసుకుని, మొహమంతా ఉబ్బి. వచ్చి నా చొక్కా రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది.

"మాత్ర వేసుకున్నావా?"

"లేదు."

"తిన్నావా?"

"లేదమ్మా."

"బుద్ధుండాదా నీకు? నువ్వు కూడా ఇట్లా చెప్పాపెట్టకుండా పోదామనుకున్నావా? పో! పోయి చూడు! నీ వెనకే నేనూ వస్తా!"

అరిచింది. ఊరంతా చూస్తా ఉండాది. నా భుజం మీద గట్టిగా ఒక్కటేసి, నా మెడ చుట్టూ చేతులేసి, చిన్నపిల్ల లెక్కన వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కాళ్ళ మీద పడి కూడా అట్లా ఏడవలేదు. నేను చూసినా గదా, నాకు తెలుసు.

వాకిట్లో శవం ఇంకా లేవలేదు. మా వదిన గొంతు పోయి మూలుగుతా ఉండాది. నాకు సంతోషమయింది. ఆ సంతోషం ఎవరికీ కనబడకుండా నా బిడ్డ భుజంలో మొహం దాచుకున్నా.