కాలవలో నానిన పెట్టె

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. చీమను చూసి ఏనుగని రిపోర్టు ఇస్తానని మా సైనిక దళంలో పేరు. మీరే తగ్గించుకుని చదవండి.

ముమ్మిడివరం దగ్గర లారీ దిగాం. నడివేసవి. హెల్మెట్ మీద పెసరట్టు వేసుకోవచ్చు. గాలిలో ఎంత చెమ్మంటే, ఊపిరి పీల్చడం కాదు, తాగడమే.

గ్యాస్ పైపుల అతుకులను ఫొటో తీసే పెట్టెలాంటి యంత్రం ఒకటుంటుంది. లోపల గోరంత రేడియోధార్మిక ముక్క. ఇక్కడే ఒక కాంట్రాక్టరు లారీలోంచి అది మాయమైంది. తెలియక మూత విప్పితే విప్పినవాడు పోతాడు. తెలిసినవాడు కొని బాంబుకు చుడితే ఒక ఊరి సంత మళ్ళీ మనుషులకు పనికిరాదు. అందుకే ఒక విదేశం రేడియేషన్‌ను పసిగట్టే మీటర్లనూ ఒక నిపుణుణ్ణీ అరువిచ్చింది. నాది పాలకొల్లు కాబట్టి ఆయనకు దుబాసీని నేనే.

"కాలవ గట్లన్నీ నడవండి. మీటరు అరిస్తే ఆగండి," అన్నాడు హవల్దారు.

పాత ఇనుము కొట్లు వెతకడానికి, మందు చవగ్గా దొరికే యానాం ఎవరెళ్తారంటే దళమంతా చేతులెత్తింది. హవల్దారే వెళ్ళొచ్చాడు. యంత్రం దొరకలేదు. ఆయన కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

రేడియోలో రోజూ ఒకటే మాట: "కంట్రోల్, తూర్పు గట్టున ఏమీ లేదు. ఓవర్." ఇక్కడ లేదంటే ఇంకెవరి చేతిలోనో ఉన్నట్టే కదా!

కోనసీమలో పీచు తీయడానికి కొబ్బరి డొక్కలను కాలవలో నానేస్తారు. తేలిపోకుండా పైన బరువు పెడతారు. ఒక ఉదయం సత్యవతి అనే ఆవిడ, పీచు తీసే మనిషి, నీళ్ళలో దిగి ఆ బరువు పైకెత్తింది. మీటరు శివాలెత్తింది. అందరూ గట్టు మీద పడ్డారు, నేను పక్క జిల్లాలో పడ్డాను.

"అమ్మా, అది వదిలేసి ఇటు వచ్చెయ్యండి!" అని అరిచాను.

"ఎందుకండీ? గట్టు మీద పడుంటే తెచ్చుకున్నాను. ఇంత బరువు ఏ రాయికుంటదండీ?"

నీళ్ళు కిరణాలను మింగేశాయి. అందుకే రోజూ పక్కనుంచి నడిచినా మీటరు పలకలేదు. నిపుణుడు పొడుగాటి పటకారుతో పెట్టెను తిప్పి చూశాడు. సీలు చెదరలేదు. "ఓస్, ఇంతేనా! మరి నా బరువు నాకిచ్చెయ్యండి," అని ఆవిడ పకపకా నవ్వింది. పెట్టె సీసపు పీపాలోకి, మేం రాజమండ్రి స్టేషనుకి.

ఎండా, చెమ్మా, పక్క జిల్లా పెంచినవే. కల్పించింది మాత్రం ఒక్కటి. ఆవిడ నవ్వలేదు.

తడి చేతులు రెండూ ఒంటికి తగలకుండా దూరంగా చాపి నిలబడింది. "బాబూ, మా చంటిదానికి ఈ చేతుల్తోనే అన్నం కలిపి పెడతన్నానండి. దానికేమన్నా అవుద్దాండీ?" అంది.

ఏమీ కాదన్నాడు నిపుణుడు. అదే మాట తెలుగులో చెప్పాను. మళ్ళీ చెప్పాను.

లారీ మలుపు తిరిగేవరకూ చూశాను. ఆవిడ చేతులు దించలేదు.