ఎవరి మాట సాక్ష్యం

అడవి హక్కుల చట్టం వచ్చిన కొత్తలో మా చెల్లి కొండవాలు కోసం నేనొక్కణ్ణే యాభైమంది అధికారులతో వాదించాను. సరే, యాభైమంది కాదు. మైదానం నుంచి వచ్చిన సర్వేయరు ఒకడు, అతని జీపు డ్రైవరు ఒకడు. డ్రైవరు నిద్రపోతున్నాడు.

మా హుకుంపేట కొండల్లో ఒక వాలు మీద చెట్లు కొట్టి కొన్నేళ్లు చోళ్లు, సామలు పండిస్తాం. నేల అలిసిందనుకోగానే వదిలేస్తాం. చెట్లు మళ్లీ లేస్తాయి, నేల బలం పుంజుకుంటుంది, అప్పుడు మళ్లీ అక్కడే పోడు కొడతాం. వదిలేసిన ఏళ్లలోనూ అది ఎవరిదో ఊరందరికీ ఎరుకే. చెల్లికి మొగుడు లేడు. ఆ వాలు తప్ప వేరే నేలా లేదు.

సర్వేయరు గ్రామసభలో ఆకాశం నుంచి తీసిన ఫొటో విప్పాడు. అందులో చెల్లి వాలంతా పచ్చగా ఉంది.

“ఇది అడవే కదమ్మా. సాగు ఎక్కడుంది?”

“అలిసిపోనాదని ఒగ్గేసినాం బాబూ. మళ్లీ కొడతాం,” అంది చెల్లి.

“రుజువేంటి?”

అక్కడ నేను లేచాను. మా ముత్తాత ఈ వాలు మీదే పులిని గొడ్డలితో చంపాడనీ, అది నేను కళ్లారా చూశాననీ చెప్పాను.

“ముత్తాతను చూశావా తాతా?”

చెల్లి నా పంచె లాగింది. “ఓరన్నా, కూకో. నీ పులి నా నేల మింగేసీలాగుంది.”

సభ గొల్లుమంది. ఒప్పుకున్నాను. ముత్తాతను చూడలేదు. కథ మా నాయన చెప్పాడు, బహుశా అది అడవిపంది. కానీ మా నాయన ఆ వాలు మీద పోడు కొడుతుంటే పక్కన విత్తనాలు చల్లింది నేనే.

“విన్న మాటలు సాక్ష్యం కావు తాతా. ఫొటో అబద్ధం చెప్పదు.”

“ఆ పొటో నువ్వు తీసినావేటి?”

“కాదు, పైనుంచి వచ్చింది.”

“అది మా కొండేనని ఎవులు సెప్పినారు?”

“ఆఫీసులో.”

“అంటే నీదీ విన్న మాటే. ఆపీసోళ్లు సెప్తే సాచ్చికం, మా నాయన సెప్తే కతా?”

ఏ చట్టమైనా నేల జోలికొచ్చే ముందే ఒకటి తేల్చుకుని వస్తుంది: ఎవరి కన్ను కన్ను, ఎవరి మాట మాట. ఆ సంగతి ఏ సెక్షన్‌లోనూ రాసుండదు. మేం ఓడిపోయేది అక్కడే. ఫొటోకి చెట్టు కనిపిస్తుంది, దాన్ని ఎందుకు పెరగనిచ్చామో కనిపించదు. అది మనిషిని అడగాలి. అబద్ధమాడితే నిలదీయాలి. నా పులిని మా సభ అక్కడికక్కడే చంపేసింది కదా, అది పరీక్ష కాదా?

చివరికి అతడు ‘వృద్ధుడు చెప్పుచున్నాడు’ అని రాశాడు.

“తెలుసని రాయి. లేపోతే ఏలిముద్ర ఎయ్యను,” అన్నాను. నా వెనక ఊరంతా, ఈసారి నిజంగానే ఊరంతా, వేళ్లు ముడుచుకుని కూర్చుంది. చీకటి పడేలోగా ఘాట్ రోడ్డు దిగాలని డ్రైవరు హారన్ కొట్టాడు. సర్వేయరు ఆ మాట కొట్టేసి మళ్లీ రాశాడు.

పట్టా వచ్చింది, వాలులో పై సగానికే. కింది సగం అడవేనట. ఆ ఏడు వానలకు ముందు చెల్లి కత్తి పట్టుకుని సరాసరి కింది సగంలోకే దిగింది.

“ఇక్కడ పట్టా లేదు కదే,” అన్నాను.

“మట్టి ఈ పక్కే మంచిది. నువ్వు కత్తి తెచ్చినావా, కబుర్లేనా?”

తెచ్చాను.