ఇల్లీగల్ అంటే అక్రమమేనా?

తొంభైల చివర్లో కొత్తపేటలో ఇంటిదగ్గరే పిల్లలకి ఇంగ్లీషు ట్యూషను చెప్పేదాన్ని. మా వరసలో ఫోను మా ఇంట్లోనే ఉండేది. పక్కింటి వదినగారు కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళేరు. శుక్రవారం సాయంత్రం ఆవిడ ఫోను చేసేవారు. ఆవిడ భర్త చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే మనిషి. నాకు అన్నయ్యగారి వరస. ఉతికిన చొక్కా వేసుకొచ్చి ముందే కూర్చునేవారు.

మధ్యలో కొన్ని వారాలు ఫోను రాలేదు. వచ్చిన రోజు ఆయన "ఆయ్, ఆయ్" అంటూ విని, పెట్టేసి వెళ్ళిపోయేరు.

మర్నాడు ట్యూషను పిల్లలు వెళ్ళేక వచ్చేరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెల్లెమ్మగారూ, ఇల్లీగల్ అంటే ఏంటండీ?"

"ఎవరన్నారండీ?"

"మీ వదినేనండి. 'నేనిక్కడ ఇల్లీగల్ అయిపోయేను, ఎవరితోనూ అనకండి' అంది. టీకొట్టు దగ్గర ఒకాయన్నడిగితే అక్రమం అన్నాడు."

పేపర్లో ఆ మాట పక్కన ఆయన ఎప్పుడూ చూసేది 'సంబంధం' అన్న మాటే.

"చట్టం ఒప్పుకోనిది ఏదైనా ఇల్లీగలేనండి," అన్నాను. "లైసెన్సు లేకుండా బండి నడిపినా ఇల్లీగలే. అక్కడ వీసా ఏ ఇంటివాళ్ళిస్తే ఆ ఇంట్లోనే చెయ్యాలి. వదినగారు ఇల్లు మారి ఉంటారు. ఎందుకు మారేరో మీరే అడగండి."

"అంతేనంటారా?"

"అంతేనండి."

ఆ శుక్రవారం నన్నక్కడే ఉండమన్నారు. ఫోన్లో ఒక్కమాటే అడిగి, చాలాసేపు విన్నారు. తర్వాత మెల్లగా, "చెయ్యి మానిందా?" అన్నారు. మొదట పనిచేసిన ఇంటావిడ ఇస్త్రీపెట్టెతో కాల్చిందట. చెత్త పారేసే వంకన బయటికొచ్చి, వదినగారు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదట. తెలిసినావిడ చూపించిన ఇంకో ఇంట్లో పనిలో చేరేరట.

"ఏమీ తేనక్కర్లేదు. నువ్వొచ్చెయ్యి," అన్నారాయన.

కొన్నాళ్ళకి కాగితాల్లేనివాళ్ళు శిక్ష లేకుండా వెళ్ళిపోవచ్చని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. వదినగారు చిన్న సంచీతో తిరిగొచ్చేరు. వాళ్ళరుగు మీద కూర్చున్నప్పుడు, పేపర్లో చదివిన మాటే నేనూ అనేసేను, క్షమాభిక్ష మీద వచ్చేరని.

అన్నయ్యగారు తల తిప్పి చూసేరు. "కాలింది దీని చెయ్యి కదండీ. మరి క్షమించేది వాళ్ళేంటండీ?"

బెండకాయలు తరుగుతున్న వదినగారు తలెత్తకుండానే, "పోనీండి, వచ్చేసేను కదా," అన్నారు.