ఆగడం రాని సైన్సు టీచరు

సైన్సు టీచరుకు కూర్చోవడం చేతకాదు. ఇరవై ఆరేళ్ళుగా నిలబడి పాఠాలు చెప్పిన మనిషి. అలాంటి మనిషిని ఏటా రెండు నెలలు కూర్చోబెట్టే పని ఒకటి వచ్చి పడుతుంది. శిక్షణ కాలేజీ నుంచి ట్రైనీలు వస్తారు. వాళ్ళు ఆమె తరగతిలో పాఠం చెప్తుంటే, ఆమె వెనక బెంచీలో కూర్చుని రికార్డులో తప్పొప్పులు రాయాలి. ఏడో తరగతి పిల్లల కొలతకు చేసిన ఆ బెంచీలో ఆమె మోకాళ్ళు ఇరుక్కుంటాయి. చేతిలో పెన్ను ఊరుకోదు. ట్రైనీ బోర్డు మీద బీకరు వంకరగా గీస్తే ఈమె వేళ్ళు గాలిలో దాన్ని సరిచేస్తుంటాయి. "మేడమ్ వెనక కూర్చుంటే వీపు మీద ఎండ కాసినట్టుంటుంది" అని ఒక పాత ట్రైనీ స్టాఫ్ రూములో అంటుండగా ఆమె చెవిన పడింది. పొగడ్తే అనుకుంది.

ఆ ఏడు వచ్చినాయనకు ముప్పై ఏడేళ్ళు. పదేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి, అది మానేసి, టీచరు కావాలని మళ్ళీ చదువుకు కూర్చున్నాడు. పిల్లలు మొదటిరోజే ఆయనకు 'పోస్టు సారు' అని పేరు పెట్టేశారు. చేతిరాత ముత్యాల వరస. లెసన్ ప్లానుకు వంక పెట్టడానికి లేదు. నోరు తెరిచాక తెలిసింది, ఆయనకు నత్తి ఉందని.

"ఎండకి నీళ్ళు వే... వే..." అని ఆయన ఆగితే, వెనక బెంచీ నుంచి "వేడెక్కుతాయి" అని వచ్చేది. సాయం చేస్తున్నాననే ఆమె అనుకుంది. పీరియడుకు పదీ పదిహేనుసార్లు అలా అందించేది. ఆయన తలూపి ముందుకు పోయేవాడు. రికార్డులో మాత్రం ఎర్ర సిరాతో రాసింది: 'శాస్త్ర పదాలు వాడటం లేదు. బాష్పీభవనం అనవలసిన చోట నీళ్ళు ఆవిరైపోవడం అంటున్నారు.' వారం రోజులు వరసగా అదే మాట.

మూడో వారం ఒకరోజు ఆయన ఆ పదాన్ని బోర్డు మీద పెద్దగా రాసి, పిల్లలకేసి తిరిగి, ఊపిరి పీల్చుకున్నాడు.

"దీన్ని బా... బా..."

"బాతు!" అంది ముందు బెంచీలోని రెండు జడల పిల్ల.

తరగతంతా గొల్లుమంది. సైన్సు టీచరు ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. నాలుగంగల్లో బోర్డు దగ్గరుంది. ఆయన చేతిలోని సుద్దముక్క అందుకుని, పిల్లలకు చీవాట్లు పెట్టి, మిగతా పాఠం తానే చెప్పేసింది. బ్రహ్మాండంగా చెప్పింది. ఆయన కిటికీ పక్కన నిలబడి విన్నాడు.

బెల్లు కొట్టాక ల్యాబులో సింకు దగ్గర ఆయన చేతులు కడుక్కుంటుంటే ఆమె వెనకే వెళ్ళింది.

"వాళ్ళని పట్టించుకోకండి. నోటికి అదుపే లేదు. ఎక్కడ నేర్చుకున్నారో ఏమో."

"మీ దగ్గరే మేడమ్."

ఆ మూడు మాటలూ ఎక్కడా తడబడకుండా వచ్చాయి.

"ఏమన్నారు?"

"నా మా... మాట రోజూ మీరే పూర్తి చేస్తున్నారు. అలా చేయొచ్చు కాబోలనుకున్నారు వాళ్ళు. ఆ అమ్మాయి ఎగతాళి చేయలేదు. మీలాగే సాయం చేద్దామనుకుంది." కుళాయి కట్టేశాడు. "కొన్ని అక్షరాలు నాకు గొంతులోనే ఆగిపోతాయి. అం... అందుకే ఆవిరి అంటున్నా. దానికి కూడా మీరు ఎర్ర సిరా వాడారు."

ఆమె ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక ఒకచోట నిలవలేదు. తుడిచిన అలమారానే మళ్ళీ తుడిచింది. అన్నాల దగ్గర జరిగిందంతా ఏకరువు పెట్టింది. భర్త గడియారాలు బాగుచేసే మనిషి, మాటా నిదానమే.

"ఆయన చెప్పిన దాంట్లో..." అన్నాడాయన.

"తప్పేముందంటావు, అంతేగా?"

"కాదు, నేననేది..."

"నాదే తప్పంటావు. నాకు తెలుసులే."

కూతురు కంచంలోంచి తలెత్తింది. "అమ్మా, నాన్న ఏమనబోయాడో నిజంగా తెలుసా నీకు?"

"తెలీకపోవడమేంటే? పాతికేళ్ళ కాపురం."

"నువ్వు చెప్పు నాన్నా."

భర్త నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, అప్పుడన్నాడు. "ఏం చేస్తే ఆయనకి బాగుంటుందో అడిగావా అని. అంతే."

అడగలేదు. ఆ ముక్క తనకు తట్టనైనా లేదు. పాతికేళ్ళలో ఈ మనిషివి ఇలాంటి మాటలు ఎన్ని మధ్యలోనే మింగేశానోనని లెక్కపెట్టబోయి మానేసింది.

మర్నాడు పోస్టు సారును అడిగింది.

"ఏమీ చేయకండి. నా మొహం చూస్తూ ఆగండి. గోడకేసి చూడొద్దు."

"అంతేనా?"

"అదే కష్టం మేడమ్. మా అమ్మకే ప... పదేళ్ళు పట్టింది."

తరగతికి ఆయనే చెప్పుకున్నాడు, తనకు నత్తి అని, మాట ఆలస్యంగా వస్తుంది గానీ రాకుండా పోదని. రెండు జడల పిల్ల మొహం ఎర్రబడింది. అయినా చెయ్యెత్తింది.

"సార్, పాడితే నత్తి రాదంట కదా?"

"నిజమే. పాఠం మొత్తం పాడమంటావా? నా గొంతు వింటే పక్క క్లాసు కూడా ఖా... ఖాళీ అవుతుంది."

ఈసారి నవ్వు వేరు. ఆయనా నవ్వాడు.

ఆగడం ఆమెకు నరకమైంది. ఒక్కో మాటకు పట్టేది నాలుగైదు సెకన్లే. అంతలోనే ఒళ్ళంతా చీమలు పాకేవి. నాలుక పళ్ళ మధ్య నొక్కిపెట్టి, బెంచీ అంచు పట్టుకునేది. రెండుసార్లు నోరు జారింది. రెండుసార్లూ తరగతంతా వెనక్కి తిరిగి చూసింది. చేసే పని లేక పిల్లల్నే చూస్తూ కూర్చుంది. అలా చూస్తుంటే మూడో బెంచీలోని అమ్మాయి బోర్డు చదవడం లేదని, పక్కపిల్ల నోటుబుక్కులోంచి ఎక్కించుకుంటోందని కనిపెట్టింది. వాళ్ళమ్మకు కబురు పంపింది. వారం తిరిగేసరికి ఆ పిల్లకు కళ్ళద్దాలు వచ్చాయి. జూన్ నుంచీ ఆ పిల్లకు పాఠం చెప్తోంది తనే.

ఆఖరి వారం కాలేజీ పర్యవేక్షకుడు మార్కులు వేయడానికి వచ్చాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. పాఠం సాఫీగానే సాగింది. అదే పదం దగ్గర ఆగింది.

"బాష్పీభవనం" అని అందించాడు పర్యవేక్షకుడు, జాలిగా.

ముప్పై ఎనిమిది తలలు ఒక్కసారి ఆయనకేసి తిరిగాయి.

"సార్ చెప్తారండీ" అంది రెండు జడల పిల్ల.

పోస్టు సారు చెప్పాడు. ఒకసారి కాదు, ఆ పీరియడులో మూడుసార్లు.

అయినా స్పష్టత అన్న గడిలో పదికి రెండే పడ్డాయి. ఆమె వరండాలో పర్యవేక్షకుణ్ణి నిలేసింది.

"నలభై నిమిషాల్లో ఒక్క పిల్లైనా అర్థం కాలేదందా?"

"అనలేదు. పాఠం బాగుంది. కానీ రేపు ఇంటర్వ్యూలో ఇలా ఎవరు ఆగుతారు మేడమ్? నేను ఇక్కడ పది వేస్తే అక్కడ ఆయన గతేంటి?"

ఆయన అన్నది చెడ్డ మాట అని ఆమె అనలేకపోయింది. బొటాబొటి మార్కులతో పోస్టు సారు గట్టెక్కాడు. మూడు బళ్ళు ఆయన్ని వద్దన్నాయి. ఒక బడిలో అయితే పేరు చెప్పేలోపే చాలన్నారు. నాలుగో బడి, రెండు బస్సులు మారి వెళ్ళాల్సింది, తీసుకుంది. అక్కడ ఆరో తరగతికి సైన్సు చెప్తున్నాడు.

సైన్సు టీచరు మాత్రం కాలేజీకి ఉత్తరం రాసింది, స్పష్టత గడిలో కొలిచేది మాటలోని వేగాన్నా, పిల్లలకు అందిన పాఠాన్నా అని. జవాబు లేదు. రెండోది రాసింది. నాలుగో ఉత్తరానికి పిలిచారు. కాఫీ ఇచ్చి, కమిటీలో పెడతామని సాగనంపారు. ఆరు నెలలైంది, ఏ సంగతీ తెలియలేదు. ఐదోది రాస్తోంది. ఈసారి పిల్లలు ఆ పాఠం మీద రాసిన పరీక్ష కాగితాలు కూడా జతచేసి, పోస్టులో పోతే కష్టమని తానే స్వయంగా ఇచ్చి రావడానికి సెలవు పెట్టింది.