పువ్వు చూశాకే పేరు

వీధిలో అందరూ ఆమెను ఆకులమ్మ అంటారు. చేసేది కుట్టుపని. మిషను ముందుగది కిటికీ పక్కనే ఉంటుంది. ఆ కిటికీ దగ్గరకు బట్టలతో వచ్చేవాళ్ళకంటే, పెరట్లో తమకు తెలియకుండా మొలిచినదేదో తుంచుకొచ్చి, "ఇదేంటండీ, ఉంచమంటారా, పీకమంటారా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ.

ఆకులమ్మ తొందరపడదు. ఆకు నలిపి వాసన చూస్తుంది. కాడ విరిచి పాలు కారుతున్నాయేమో చూస్తుంది. ఆకులు ఎదురెదురుగా పుట్టాయా, ఒకటి విడిచి ఒకటి పుట్టాయా అని కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి చూస్తుంది. అంతా అయ్యాక, "పువ్వు రానీ, చెప్తా" అంటుంది.

"ఈలోగా అది గోడెక్కి కూర్చుంటే?" అని పాలవాడు అడిగాడొకసారి.

"కూర్చుంటే అద్దె అడుగు."

ఆ నియమం పుట్టుకతో వచ్చింది కాదు. అన్నయ్య చనిపోయిన ఏడాది ఎండలకు అతని చామంతి మడి మాడిపోయింది. "ఇవి చచ్చాయి" అని ఆకులమ్మే దుబ్బులు తవ్వి చెత్తలో పారేసింది. నాలుగు చినుకులు పడేసరికి చెత్తకుప్ప మీద ఆ దుబ్బులే పచ్చగా పిలకలేశాయి. వదిన పరిగెత్తుకుంటూ వెళ్ళేలోపు చెత్తబండి కదిలిపోయింది.

అప్పటినుంచి ఒకే కప్పు కింద ముందుగది ఒకరిది, వెనకగది ఒకరిది. ఏదైనా చెప్పుకోవాల్సొస్తే పిల్లితో చెప్పుకునేవారు. "వాడుకున్నాక కుళాయి కట్టేస్తే చేతులేం అరిగిపోవని చెప్పవే" అని ఆకులమ్మ. "బతికున్నవాటిని పాతరేసేవాళ్ళు మనకు చెప్పొచ్చారే" అని వదిన. పిల్లి మాత్రం ఏ పూట ఎవరు పాలు పోస్తే ఆ పూటకు వాళ్ళ పక్షం.

ఈసారి వానలకు ఆ పాత మడిలో గుంపుగా మొక్కలు లేచాయి. వదిన ముఖం విప్పారింది. "వచ్చాయే! ఆయన చామంతులు ఆయన మడిలోకే వచ్చాయి" అని కిటికీకి వినపడేలా పిల్లితో అంది.

ఆకులమ్మ కిటికీలోంచి ఒక్క చూపు చూసింది. నేలను కరుచుకుని చక్రంలా పరుచుకున్న చీలికల ఆకులు. వాటి మీద సన్నటి నూగు. వయ్యారిభామ. ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన పెరిగే కలుపు. తరచూ ముట్టుకుంటే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు. ఈ ఒక్కదానికి మాత్రం ఆమెకు పువ్వు అక్కర్లేదు.

అయినా చెప్పలేదు. అడగనిదే చెప్పడమెందుకు? నీళ్ళు పోయనీ, మురిసిపోనీ. నూకలంత తెల్లపూలు పూసిన రోజున వీధంతా చూస్తుంది. ఏది ఏదో తెలియనిదెవరికో అప్పుడు తేలుతుంది.

వదినది బేకరీలో పిండి పిసికే పని. రోజూ బయల్దేరేముందు వట్టి చేతులతో ఆ మొక్కల మొదళ్ళు సవరించేది, పండుటాకులు గిల్లేది. ముందు తుమ్ములు పట్టుకున్నాయి. తర్వాత వేళ్ళ సందుల్లో ఎర్రగా పేలింది. "గుడ్డల దుమ్మంతా మన మీదకే కొడుతోందే" అని పిల్లితో అంటే, ఆకులమ్మ మిషను ఇంకా గట్టిగా తొక్కింది.

చర్మం చిట్లి రసి కారడం మొదలయ్యాక బేకరీ యజమానే గుమ్మంలోకి వచ్చాడు. "ఆ చేతులతో పిండి ముట్టుకుంటే నా కొట్టు మూతపడుతుందమ్మా. తగ్గించుకుని రా. ఎక్కువ రోజులైతే మాత్రం ఇంకొకళ్ళని పెట్టుకోక తప్పదు."

అతను వెళ్ళాక వదిన గడప మీద కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. పిల్లి వచ్చి ఒరుసుకున్నా దానితో ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం ఆకులమ్మ పెరట్లోకి వచ్చింది. "వదినా, అవి చామంతులు కావు. వయ్యారిభామ. నీ చేతులు అట్లా చేసింది అదే. పీకెయ్."

వదిన తలెత్తింది. "పువ్వొచ్చిందా?"

"ఏంటి?"

"పువ్వు చూడందే పేరు చెప్పనని ఊరంతా డప్పు కొట్టావుగా. ఇంకా మొగ్గే విచ్చలేదు. నా దగ్గరకొచ్చేసరికి నీకు పువ్వుతో పనిలేదా?"

"ఆకు నలిపి చూడు. చామంతి వాసనొస్తే నా ముక్కు కోసుకుంటా."

"నా ముక్కు దిబ్బడేసి చస్తుంటే వాసనట! ఒకసారి నీ మాట నమ్మి ఆయన మడి తవ్వనిచ్చాను. మళ్ళీనా? పో, పోయి నీ గుడ్డలు కుట్టుకో."

తెల్లవారుతుండగా ఆకులమ్మ రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, మణికట్ల దగ్గర దారంతో బిగించుకుని, మడి మొత్తం వేళ్ళతో సహా పీకేసింది. చప్పుడుకు వదిన లేచొచ్చింది.

"మళ్ళీ చంపావే! ఆ మనిషి ఆనవాలు కూడా ఉండనివ్వవా?"

ఆ కేకకు గోడ అవతల తలలు లేచాయి. "అదేంటండీ ఆకులమ్మగారూ, పువ్వు రాకుండానే పీకేశారు?" అని పాలవాడు అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

ఆకులమ్మ మొగ్గలున్న కొమ్మ ఒకటి గాజు గ్లాసులో నీళ్ళు పోసి కిటికీలో పెట్టుకుంది. అది విచ్చేదాకా ఆ కిటికీ దగ్గరకు ఒక్కరూ ఆకు తేలేదు.

అది విచ్చింది. నూకలంత తెల్లపూలు. ఆకులమ్మ గ్లాసు తీసుకెళ్ళి వదిన గడప మీద పెట్టింది. అప్పటికి వదిన చేతులు కాస్త ఎండాయి. కానీ బేకరీలో వేరే చేతులు పిండి పిసుకుతున్నాయి.

వదిన ఆ పూలవైపు చూసింది. "నువ్వన్నదే నిజం" అంది.

ఆకులమ్మ ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కాచుకుంది. తీరా విన్నాక నిలబడాలో వెళ్ళాలో తోచలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే... సాయంత్రం..."

"అబద్ధాలాడకు. నువ్వు దూరంనుంచే ఆకు పోల్చగలవు. పీకేటప్పుడు చేతులకు కవర్లు కట్టుకున్నావు. నీ చేతులు నీకు గుర్తున్నాయి. నావి రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు."

"నువ్వు అడగలేదు."

"అవును, అడగలేదు." వదిన వంగి గ్లాసులో కొమ్మ కోసం చెయ్యి చాచింది.

"ముట్టుకోకు వదినా!"

వదిన చెయ్యి గాల్లోనే ఆగింది. "చూశావా, ఎంత చిన్న మాటో" అంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.