తోటమాలి కొడుకు వేషం

ఆయన పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. సాయంత్రాలు నాటక సమాజంలో వేషం కట్టేవాడు. వేషమంటే పెద్దదేం కాదు, మొత్తం కలిపి నాలుగు మాటలు. సమాజంలో అందరూ ఆయన్ని ‘నాలుగు మాటలాయన’ అనేవాళ్లు. ఆయనా ఆ పేరుకే పలికేవాడు.

నాటకం పగ కథ. సేనాపతి రాజును చంపుతాడు, అది కళ్లారా చూసిన తోటమాలినీ చంపుతాడు. రాజకుమారుడు పగబట్టి తిరుగుతూ, మూడో అంకంలో తోటమాలి కొడుకు చేతిలో కత్తి పెట్టి తోడు రమ్మంటాడు. ఆ కొడుకు కత్తి కింద పెట్టేసి, "మా నాన్న చూసింది నలుగురిలో చెప్పించండి, నాకదే చాలు" అని వెళ్లిపోతాడు. చివరికి రాజకుమారుడితో సహా అందరూ పోతారు. తోటమాలి కొడుకొక్కడే మిగులుతాడు. ఈయనది ఆ వేషమే.

"ఈమాత్రం వేషానికి ఇరవై ఏళ్లుగా మొహాన రంగెందుకు?" అని భార్య దెప్పేది. ఒకసారి ఆయన దర్శకుణ్ణి అదే అడిగాడు.

"నువ్వు లేకపోతే హీరోకి ఇంకో దారి ఉందని జనానికి ఎలా తెలుస్తుందయ్యా? ఇద్దరికీ తగిలింది ఒకటే దెబ్బ. నిన్ను చూశాకే అతని మీద జాలి పుడుతుంది" అన్నాడు దర్శకుడు.

ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది. ఎందుకంటే ఆయనకూ ఒక పగ ఉంది. తండ్రి అచ్చాపీసులో అక్షరాలు కూర్చేవాడు. సీసం అక్షరాలు దొంగిలించాడని అక్కడి మేస్త్రీ నింద వేస్తే పని పోయింది. ఆ తర్వాత వీధి మొహం చూడకుండానే రెండేళ్లకు పోయాడు.

ఒక మధ్యాహ్నం ఆ మేస్త్రీయే కర్ర ఊతంతో దుకాణంలోకి వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు, కానీ గడ్డం కింద మచ్చ అలాగే ఉంది.

"చదువుదామంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి బాబూ" అన్నాడు.

ఆయన చేతిలో అద్దం జారి పగిలింది. ఇంకోటి తీసి, కొలత సరిచూసి, ఫ్రేములో బిగించి ఇచ్చాడు. ముసలాయన అవి పెట్టుకుని పేపరు చదవడం మొదలుపెట్టాక ఈయన అన్నాడు: "మీ అచ్చాపీసులో దొంగ అని గెంటేశారే, ఆయన కొడుకుని."

మేస్త్రీ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ అక్షరాలు అమ్ముకున్నది నేనే. ఏం చేస్తావో చెయ్యి నాయనా."

ఏళ్లుగా లోపల నూరుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. "మా అమ్మ ఉంది. ఆవిడ ముందు చెప్పండి. నాన్నతో పనిచేసినవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లనీ పిలుస్తాను" అన్నాడు.

ఆదివారం పొద్దున మేస్త్రీ వాళ్లింటికి వచ్చాడు. ఆ ఇరుకు గదిలో నిలబడే అంతా చెప్పాడు. పాత పనివాళ్లలో ఒకాయన లేచి వెళ్లిపోయాడు. రెండో ఆయన తలుపుకి ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఆయన తియ్యలేదని నాకు తెలుసు అన్నయ్యా. నీ నోటితో వినాలని ఉండేది" అంది అమ్మ. "కూర్చో, ఎంతసేపని నిలబడతావు."

అందరూ వెళ్లాక అన్నం కలుపుకుంటూ అమ్మ తనలో తనే నవ్వుకుంది.

"పెళ్లైన కొత్తలో మీ నాన్న నా పేరు రాసిచ్చాడురా. చేతి అలవాటు కదా, సీసం అక్షరాల్లాగా తిరగేసి రాశాడు. అద్దం ముందు పెడితే గానీ చదవలేకపోయాను."

భార్య పొలమారేదాకా నవ్వింది. నాన్న గురించి అమ్మ అలా మాట్లాడటం ఆయన వినడం అదే మొదలు. రిహార్సల్ మానేసి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు.